ఒరుగులకు పట్టిన పొగ

బార్బెక్యూ హోటల్‌కు వెళ్లివచ్చిన చొక్కాను నేను రెండు రోజుల దాకా ఉతకను. దండెం మీద వేసి ఉంచి, పక్కనుంచి పోయినప్పుడల్లా ఒకసారి వాసన చూస్తాను. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఈ పని సాగేది కాదు. ఆమె పోయి మూడేళ్లయింది, ఇప్పుడు ఇంట్లో అడిగేవాళ్లు లేరు. గోదావరి నీటిమట్టం చూసి రాసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా గడిపినవాణ్ని కనుక, దేన్నయినా పక్కపక్కన పెట్టి పోల్చి డైరీలో ఎక్కించడం అలవాటు. ఈ ఏడాది ఎక్కించినవి పొగ పెట్టిన మాంసాలు.

మొదటిది కరీంనగర్‌ది. బల్ల మధ్య గుంతలో కట్టెబొగ్గుల నిప్పులపెట్టె దించి, చువ్వలకు గుచ్చిన కోడి ముక్కలూ రొయ్యలూ అనాసపండు ముక్కలూ దాని మీద అమర్చి పోతారు. బల్ల నలుగురిది, కూర్చున్నది నేనొక్కణ్నే. వడ్డించే ఆయన రెండుసార్లు వచ్చి "ఇంకెవలన్న వస్తున్నరా సార్?" అని అడిగి, మూడోసారి అడగకుండానే మిగతా మూడు పళ్లేలు తీసుకుపోయాడు. ముక్క మెత్తగానే ఉంది కానీ పైన పూసిన తీపి పులుసే తప్ప పొగ లోపలికి పోలేదు. నిర్మల్ దాటాక పెద్దరోడ్డు పక్కనున్న రెండో హోటల్‌లో మాంసం గిన్నెలో నిప్పుకణిక పెట్టి, దాని మీద నెయ్యి చుక్కలు వేసి మూత పెడతారు. మూత తీసినప్పుడు గుప్పుమంటుంది, మూడో ముక్కకు వచ్చేసరికి ఆ వాసన వెళ్లిపోతుంది. మూడోది లక్సెట్టిపేటలో ఉంది. పాత ఇనుప డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, ఒక మూల తుమ్మ మొద్దు రాజేసి, మంట తగలకుండా యాట, అంటే మేకపోతు, తొడలను కొక్కాలకు వేలాడదీసి పొద్దంతా పొగ పెడతాడు అక్కడి యజమాని. ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాను. అది మా అవ్వ, అంటే మా అమ్మ, చేసే ఒరుగుల రుచికి చాలా దగ్గరగా ఉంది.

మాది బొగ్గుబాయి కాలనీ, బొగ్గు గనిలో పనిచేసేవాళ్లది. వరసలు వరసలుగా రేకుల క్వార్టర్లు, షిఫ్టు మారినప్పుడల్లా కూసే సైరన్, ఆరేసిన చీరల మీద నల్లటి నుసి, చీదితే చేతిరుమాలు మీద కూడా అదే నుసి. బాపు, అంటే మా నాన్న, బాయిలో కొలువుకు కుదిరినప్పుడు అవ్వ లక్సెట్టిపేట దగ్గరి తన పుట్టినూరి వైపు నుంచి, పొలమూ పశువులూ వదిలి ఆ క్వార్టర్‌లోకి వచ్చింది. ఆ కొలువు మా మామకు, అంటే అవ్వ అన్నకు, గిట్టలేదు. "భూమి మీద బతుకరాదా బావా, భూమి కిందికి దూరుతున్నవ్?" అన్నాడట. "నీ భూమిల వాన సక్కగ పడ్డ ఏడాది చెప్పు, మీదికొస్త" అన్నాడట బాపు. ఆ రెండు మాటలతో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. తర్వాత మామ మా ఇంటికి వస్తే బాపు షిఫ్టులో ఉండగానే వచ్చి, సైరన్ కూయకముందే వెళ్లిపోయేవాడు.

సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలూ సత్తుపిండీ ఇంకా డబ్బాల్లో ఉండగానే దసరా వచ్చేది. మా వరసలోని నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒక యాటను తెచ్చి, కోసి, మోదుగాకుల మీద నాలుగు పోగులు పెట్టేవాళ్లు. పోగులు సమానమేనని నలుగురూ ఒప్పుకునేదాకా ఎవరూ చెయ్యి పెట్టేవాళ్లు కాదు. తిల్లి, అంటే ప్లీహం, మాత్రం పోగుల్లోకి రాదు, అది పిల్లలది. నిప్పుల మీద పడేసి, పైపొర చిటపటలాడి నల్లబడ్డాక ఉప్పూ కారం చల్లుకుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ, నీకెక్కువ నాకెక్కువ అని తోసుకుంటూ తినేవాళ్లం. మధ్యాహ్నానికి కాలనీ అంతా మసాలా నూరే చప్పుడు, సాయంత్రానికి జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ కౌగిలింతలు.

మా పోగులోంచి మంచి కండను అవ్వ ముందే తీసి పక్కన పెట్టేది. దాన్ని రిబ్బన్లలా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రుద్ది, దారానికి గుచ్చి, కాకులు రాకుండా పైన ముళ్లకంప వేసి రెండు రోజులు ఎండలో పెట్టేది. అవే ఒరుగులు. ఆపైన వాటిని పొయ్యి మీద కట్టిన తీగకు వేలాడదీసి మూడు రోజులు పొగ పట్టించేది. ఇంటి వంటకు కంపెనీ ఇచ్చే రాతిబొగ్గే వాడేవాళ్లం, దాన్ని బయట వాకిట్లో రాజేసి పచ్చపొగంతా పోయి ఎర్రగా కణకణలాడాకే లోపలికి తేవాలి. ఒరుగులకు మాత్రం ఆ బొగ్గు పనికిరాదు. ఊరినుంచి బస్సు మీద వేయించి తెప్పించిన తుమ్మకట్టె వేరే ఉండేది, దాన్ని వేరే దేనికీ ముట్టనిచ్చేది కాదు. ఆ ఒరుగులు మా కోసం కాదు, మామ కోసం. మోదుగాకుల్లో చుట్టి, బట్ట మూటకట్టి, ఆ దారిన పోయే మనిషి చేతికి ఇచ్చేది. అవి అందిన పది పదిహేను రోజులకు మామ జొన్నల సంచితో, అనపకాయలతో దిగేవాడు. బాపుకూ మామకూ మధ్య మాటలు లేకపోయినా ఆ మూట వెళ్లడం, ఆ సంచి రావడం ఆగలేదు.

నాకు పదేళ్లప్పుడు, పొగ పెట్టే ఆఖరి రోజున, పక్క వరసలో ఎవరికో పురిటి నొప్పులు వస్తున్నాయని అవ్వను పిలిచారు. "మంట లేవొద్దు, పొగ ఆగొద్దు. జర కూసోని సూడు బిడ్డా" అని చెప్పి వెళ్లింది. కాసేపు కూర్చున్నాను. బయట గోలీలాట మొదలైంది. లోపలికి వచ్చి చూసేసరికి తుమ్మకట్టె బూడిదైంది, మిగిలిన కట్టె లేదు, ఒరుగుల కింద పొగ లేదు. వాకిట్లో పచ్చిబొగ్గు కుప్ప ఉంది. పొగ కావాలి, పచ్చిబొగ్గుకు పొగ ఎక్కువ, ఇంతే నా లెక్క. నాలుగు పెళ్లలు తెచ్చి బూడిద కింద మిగిలిన నిప్పు మీద పేర్చి ఊదాను. పసుపుపచ్చని పొగ లేచి తీగనంతా కమ్మేసింది. అవ్వ వచ్చేసరికి బొగ్గు తీసి బయట పారేశాను. ఒరుగులు నిగనిగలాడుతూ నల్లగా ఉన్నాయి. "మంచిగ పట్టింది బిడ్డా" అంది. ఆమె వాసన పట్టలేకపోయింది. కాలనీలో ఉన్న మా అందరి ముక్కులకూ ఆ వాసన రోజూ ఉండేదే.

ఆ యేడే మా సారు చెప్పాడని నేను నోటుబుక్కులో దినచర్య రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎన్ని గోలీలు గెలిచానో ఉంది, బొగ్గు మాట లేదు.

ఆ ఏడు మామ రాలేదు. అనపకాయల కాలం అయిపోయింది, సంచీ రాలేదు. తర్వాత ఆ ఊరి మనిషి ఒకడు, "బొగ్గు తినేటోళ్లకు జొన్నలెందుకని మీ అన్న అన్నడు" అని చెప్పిపోయాడు. అవ్వకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. "నేనేం తప్పు జేసిన్నో నాకే ఎరుకలే" అని పొయ్యి ముందు కూర్చుంది. పోయి అడగరాదా అని బాపు అంటే, "పిలువని ఇంటికి ఎట్ల పోవాలె" అంది. చెప్పాలని రెండు మూడుసార్లు దగ్గరికి వెళ్లాను. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. మరుసటి దసరాకు తీగ మీద ఒరుగులు లేవు. కొన్నేళ్లకు ఆ తీగ కూడా తీసేసింది. మామ చనిపోయినప్పుడు వెళ్లి, ఏడ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చింది. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది.

లక్సెట్టిపేట హోటల్‌లో నాలుగు ముక్కలు పొట్లం కట్టించుకుని, ఆ ఊళ్లోనే మనుమడి దగ్గర ఉంటున్న మా అత్తమ్మ ఇంటికి, అంటే మామ భార్య దగ్గరికి నడిచాను. ఎనభై దాటింది, చూపు తగ్గింది, ముక్కు మాత్రం బాగా పనిచేస్తోంది. పొట్లం విప్పగానే, "తుమ్మకట్టెనే గని, జర తొందరపడ్డడు. ఇంకొక్క దినం పెడితె అయిపోతుండె" అంది. నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే చెప్పేశాను. పురుడు, గోలీలాట, పచ్చిబొగ్గు, అన్నీ వరుసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ముక్కను దవడ కింద పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నువ్వా అల్లుడా చేసింది" అంది చివరికి. "మీ బాపు పరాచికమాడిండు, నా బొగ్గు కూడు తిను అని పంపిండు అనుకున్నడు మీ మామ. గిది మా చెల్లె పని కాదు అన్నడు."

"పారేసిండ్రా అత్తమ్మా?"

"యాడ పారేత్తడు? ఏడు నీళ్లు గడిగి వండుమన్నడు, ముక్కు మూసుకోని తిన్నడు. చెల్లె చేతుల గోసిన కూర అన్నడు. ఒక్కపారి వచ్చి ఏమైందన్నా అని అడిగితె అయిపోతుండె అని, బస్సొచ్చే యాల్లకు గడపల కూసునేటోడు. గట్ల ఎన్నేండ్లు కూసున్నడో." ముక్కను నమిలి మింగి అడిగింది. "మరి మీ అవ్వకు చెప్పినవా?"

"చెప్పలే" అన్నాను.

ఆమె మిగిలిన ముక్కల పొట్లం మడిచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది. వంటింట్లో గ్యాస్ పొయ్యి, టైల్స్ గోడ, గాలి తోసే ఫ్యాన్ ఉన్నాయి. ఒరుగులు వేలాడదీయడానికి ఆ ఇంట్లో చోటు లేదు, ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు.

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల మీదుగా వచ్చి, మా కాలనీ ఉన్న చోట దిగాను. క్వార్టర్లు తీసేసి ఓపెన్‌కాస్ట్ గని తవ్వారని విన్నాను కానీ చూడటం అదే మొదటిసారి. కంచె పట్టుకుని కిందికి చూస్తే మెట్లు మెట్లుగా దిగిన గుంత, అడుగున చీమల్లా లారీలు. దూరాన ఇంకా నిలిచి ఉన్న నీళ్ల ట్యాంకును గుర్తుపెట్టుకుని, మా వరస ఎటుండేదో, అందులో మా ఇల్లు ఎన్నోదో, పొయ్యి ఏ మూలనో లెక్క కట్టుకుంటూ వచ్చాను. అవ్వ కూర్చునే చోటు దొరికింది. అక్కడ నేల లేదు, ఖాళీ గాలి ఉంది.