లిమా నది ఒడ్డున హాజరు పిలిచిన టీచరమ్మ

మధ్యాహ్నం పిల్లల్ని దింపే డ్యూటీలో మా స్కూలు బస్సు ఇక్కడ ఖతార్‌లో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లా ముందు ఆగుతుంది. నిన్న అక్కడ తోటమాలి పైపు పట్టుకుని గేటు ముందున్న రాతిమెట్లు కడుగుతున్నాడు. పొద్దుటి నుంచి ఎండకు కాగిన రాయి మీద నీళ్ళు పడగానే గుప్పున ఒక వాసన లేచింది. ఇంకెవరికైనా అది వట్టి తడి రాయి వాసనే. నాకు మాత్రం కళ్ళ ముందు ఒక నది పారింది. "ఆంటీ, నా బ్యాగు!" అని ఒక పిల్ల చెయ్యి పట్టి లాగితే గానీ బస్సులో ఉన్నానన్న సంగతి గుర్తు రాలేదు. ఆ నది పోర్చుగల్‌లో ఉంది, పేరు లిమా. దాన్ని నాకు చూపించినావిడ పేరు మరియా అమేలియా పెరేరా. నేను టీచరమ్మా అని పిలిచేదాన్ని.

మాది కడప జిల్లాలో పెన్న పక్కన పల్లె. నది పక్కన అనగానే నీళ్ళు ఊహించుకోకండి, మాకున్నది ఇసుకే. పదో తరగతి సోషల్‌లో తప్పాను. మా సోషల్ సారు ప్రశ్న అడిగి లేపి నిలబెడితే నాకు నోరు పెగిలేది కాదు. ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో మూగమొద్దు. అలాంటి దాన్ని ఇంటిపనికి ఖతార్ వచ్చాను. మొదట పనిచేసిన ఇంట్లో నా పేరు నోరు తిరగదని మీనా అని పెట్టుకున్నారు. పిలిచేది పని చెప్పడానికే కదా, ఏ పేరైతేనేం అని నేనూ పలికేదాన్ని.

తర్వాత చేరింది పెరేరా వాళ్ళింట్లో. రుయి సారు లుసైల్ అనే కొత్త ఊరు కట్టే పనుల్లో ఇంజనీరు. భార్య లేదు, ఇద్దరు పిల్లలు. ఏడేళ్ళ తొమాస్, నాలుగేళ్ళ ఇనేష్. వాళ్ళను చూసుకోవడానికి ఆయన తల్లి వచ్చి ఉంటోంది, ఆమెకు తోడుగా నేను. మొదటి రోజు వంటింట్లో నిలబడి నా పేరు మీనా అన్నాను. ఆమె నా పాస్‌పోర్టు తెరిచి చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఇందులో ఉన్నది ఎవరు?" అని తన ముక్కల ఇంగ్లీషులో అడిగింది. నేనే అన్నాను. "అయితే ఆమెను పిలువు, ఆమెతో మాట్లాడాలి." ఓ-బు-ల-మ్మ అని నాచేత విడివిడిగా చెప్పించుకుని, తప్పుగా పలికి, మళ్ళీ చెప్పించుకుని, చివరికి సాధించింది. నలభై ఏళ్ళు బడిపిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. ఆ ఇంట్లో పొద్దున్నే హాజరు పిలిచేది. పాలగ్లాసులు పట్టుకుని పిల్లలు "ప్రెజెంత్!" అనాలి. మన బళ్ళలో అనే ప్రెజెంట్ మాటే, వాళ్ళు కాస్త సాగదీస్తారు. చివర్లో నా పేరు కూడా పిలిచేది. మొదట్లో సిగ్గుపడి చచ్చాను. తర్వాత ఏ రోజైనా మరిచిపోతుందేమోనని గరిటె పట్టుకుని అక్కడే తచ్చాడేదాన్ని.

శుక్రవారాలు ఆమె ఇంట్లో ఉండేది కాదు, మమ్మల్నీ ఉండనిచ్చేది కాదు. హౌస్ డ్రైవర్ సుబ్బరాయుడన్న మా రాజంపేట వైపు మనిషి. ఆయన బండి తీస్తే ఉత్తరాన అల్ రువైస్ దాకా వెళ్ళేవాళ్ళం. రేవులో పడవలు చూసి, అక్కడి నుంచి తీరం వెంబడి జనం వదిలేసి పోయిన ఒక జాలర్ల పల్లెకి. మొండిగోడలు, ఒక పాత మసీదు, ఇసుక, గాలి. "ఇక్కడేముందని?" అనుకున్నాను నేను. ఆమె ఒక్కో గోడ దగ్గర ఆగి, ఈ రాయి సముద్రంలోంచి తీసింది, ఈ గుమ్మం ఇటే ఎందుకు పెట్టారంటే గాలి ఇటునుంచి వస్తుంది, ఆటుపోట్లను బట్టి పడవలు ఇదిగో ఇక్కడికి లాగేవారు అని చెప్పుకుపోయింది. మర్నాడు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్న చూసిన ఊరి సంగతి చెప్పు."

నాకు బళ్ళో లేపి నిలబెట్టినట్టే అయింది. ఇంగ్లీషు రాదన్నాను.

"నీ భాషలో చెప్పు. నేను నీ చేతులు చూస్తాను. సరిగ్గా చెప్తున్నావో లేదో నాకు తెలిసిపోతుంది."

అలా మొదలైంది. తెలుగులో, నా కడప తెలుగులో, ఉల్లిపాయ కత్తి పక్కన పెట్టి ఖతార్ జాలర్ల కథ చెప్పాను. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పడవ లాగిన చోట నా చేతులు తప్పు దిక్కుకు పోతే "ఊహూఁ, సముద్రం అటు!" అని ఆపింది. సుబ్బరాయుడన్నకు ఇది తెలిసి నన్ను ఆటపట్టించని రోజు లేదు.

"ఏం మే ఓబులమ్మా, ఆ ముసలామె దినామూ నీతో పాఠం అప్పజెప్పించుకుంటాందంట గదా! పది తప్పినావని తెలిసిపోయిందేమో!"

"నువ్వు బండి తోలన్నా, నీకెందుకు," అనేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఆమె ఎందుకు అప్పజెప్పించుకుంటోందో రెండో ఏడు తెలిసింది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం, ఇనేష్‌ని తన చెల్లెలి పేరుతో పిలవడం ఎక్కువైంది. రుయి సారు ఆస్పత్రికి తీసుకెళ్ళి వచ్చి, నాతో మెల్లగా అన్నాడు: "అమ్మకు మతిమరుపు జబ్బు మొదలైందట. ఈ వేసవికి మా నది వైపు వెళ్దాం, పిల్లలకు తనే చూపించాలంటోంది. వచ్చే ఏటికి చూపించగలదో లేదో. నువ్వూ రావాలి." ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడుపూ లేదు, ఏమీ లేదు. టైంటేబులు చెప్పినట్టు చెప్పింది.

"వీళ్ళు చిన్నవాళ్ళు, మరిచిపోతారు. నేను పెద్దదాన్ని, మరిచిపోతాను. మధ్యలో నువ్వున్నావు."

అంతవరకూ నాకెవరూ ఏదీ దాచిపెట్టమని ఇవ్వలేదు.

వీసా తెప్పించి నన్నూ తీసుకెళ్ళారు. లిమా ఎగువన కొండల వైపు ఆమె చెల్లెలి ఇల్లు. ఎటు చూసినా పచ్చదనమే. ద్రాక్షతీగలు మనిషెత్తు పందిళ్ళ మీద, పెద్ద కొమ్ముల ఎర్రటి ఆవులు దారికి అడ్డంగా, ప్రతి మలుపులో ఒక వాగు. అన్ని నీళ్ళు ఎవరికీ అక్కర్లేనట్టు పారిపోతుంటే నాకు మా పెన్న మీద జాలేసింది. ఒక ఊరి చివర బండ మీద రాతి కాళ్ళ మీద నిలబెట్టిన చిన్న చిన్న రాతి గదులు వరసగా కనిపించాయి. ఒక్కోదాని నెత్తిన ఒక శిలువ. సమాధులనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అవి గాదెలు! లోపల ఉండేది మొక్కజొన్న. శిలువ పంటను కాపాడమని."

ఒక్కో రాతి కాలి మీద గుండ్రటి బల్లపరుపు రాయి ఎందుకుందో చూపించింది. ఎలుక కాలు పట్టుకుని ఎక్కుతుంది, ఆ రాయి అడ్డు తగిలి తలకిందులుగా వేలాడలేక జారి పడుతుంది. ఆ సాయంత్రం నేను అప్పజెప్పేటప్పుడు ఎలుక వంతు వచ్చింది. కుడిచేతి వేళ్ళను ఎడమచేతి మీదుగా గబగబా పాకించి, పైకి చేరగానే 'కీచ్'మని కింద పడేశాను. పిల్లలు పడీ పడీ నవ్వారు, వాళ్ళకంటే ఎక్కువ ఆమె నవ్వింది. తర్వాత ప్రతి సాయంత్రం ఏ కోట గురించి మొదలుపెట్టినా, ఏ నీటిమర గురించి చెప్పబోయినా, ముందు ఎలుక పడాల్సిందే.

చివరి వారం నది కింది వైపున్న ఊరికి వెళ్ళాం. పాతకాలపు రాతివంతెన, కమానుల కింద నీళ్ళు, వేసవి కాబట్టి రెండు వైపులా ఇసుక. పెన్న గుర్తొచ్చి ఆ ఇసుకను చెప్పుల్లేకుండా తొక్కాను. ఈవలి గట్టు మీద రోమన్ సైనికుల బొమ్మలు బారుగా నిలబెట్టి ఉన్నాయి. ఆవలి గట్టున గుర్రం మీద ఒక సేనాపతి. టీచరమ్మ వాళ్ళ ఊళ్ళలో తరతరాలుగా చెప్పుకునే కథ చెప్పింది. ఈ నది దాటినవాడు తన ఊరూ పేరూ అన్నీ మరిచిపోతాడని సైనికులు భయపడి ఆగిపోయారట. సేనాపతి ఒక్కడే దాటి, ఆవలి నుంచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడట. ఏమీ మరిచిపోలేదని నమ్మాక అందరూ దాటారట.

కథ అయిపోయాక ఆమె చేతిసంచీ నాకిచ్చింది. "మీరు ఇక్కడే ఉండండి."

రుయి సారు వెంట వెళ్ళబోతే చేత్తో వద్దంది. ఆ పొద్దున్నే ఆమె రొట్టెల కొట్టుకు వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో తెలియక వట్టి చేతులతో తిరిగొచ్చింది. అది మేమందరం చూశాం, తనూ చూసుకుంది. ఇప్పుడు వంతెన మీద ఒక్కతే మెల్లగా నడిచి, అటువైపు ఇసుకలోకి దిగి, నీళ్ళ అంచున నిలబడింది. నది సన్నగా ఉంది, మాట వినిపిస్తుంది.

"తొమాస్ పెరేరా!"

"ప్రెజెంత్!"

"ఇనేష్ పెరేరా!" అంటే ఇనేష్ పలికింది. "రుయి పెరేరా!"

ఆయనా పలికాడు. తర్వాత వంతు నాది. ఆమె నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఇనేష్ నా పేరు అందివ్వబోతే రుయి సారు ఆ పిల్ల నోరు మూశాడు. నాకూ అరవాలనే ఉంది. కానీ నేను అందిస్తే ఆమె పిలిచినట్టు ఎలా అవుతుంది? ఆమె నా వంక బిక్కమొహం వేసి చూస్తోంది. బళ్ళో నిలబెట్టినప్పుడు నేనెలా ఉండేదాన్నో అచ్చం అలా ఉంది, చూడలేకపోయాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు, సంచీ భుజానికి తగిలించుకుని చేతులు పైకెత్తాను. కుడిచేతి వేళ్ళు ఎడమచేతి మీదుగా గబగబా పాకాయి, పైకి చేరాయి, కింద పడ్డాయి.

అవతల నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు వెనకే, నదంతా వినబడేలా:

"ఓబులమ్మా!"

"ప్రెజెంటు టీచరమ్మా!" అని నేను పెట్టిన కేకకు అక్కడ ఫోటోలు దిగుతున్న వాళ్ళందరూ వెనక్కి తిరిగారు. నేను ఏడుస్తూ నవ్వుతూ పిల్లలను చెరో చేత్తో పట్టుకుని వంతెన దాటాను.

ఆమె మళ్ళీ ఖతార్ రాలేదు, చెల్లెలి దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్ళకు రుయి సారు కాంట్రాక్టు అయిపోయి వాళ్ళూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ పిల్లల స్కూల్లో మాట్లాడి నాకీ బస్సు ఉద్యోగం ఇప్పించారు. బస్సులో నేను ఏ పిల్లనీ 'బేబీ' అనను, 'యల్లా యల్లా' అని అరబీలో తొందరపెట్టి తోలను. పిల్లలు దిగి గేటు దాటాక పూర్తి పేరు పెట్టి పిలుస్తాను, వాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలి. ట్రాఫిక్‌లో ఆగిపోతే గాదెలూ ఎలుకా కథ చెప్తాను. పది తప్పిన మూగమొద్దు నోరు ఇప్పుడు మూతపడటం లేదని సుబ్బరాయుడన్న ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. అనుకోనీ. ఆ నోరు ఎవరిచ్చారో నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున టీచరమ్మ చెల్లెలికి వీడియో కాల్ చేస్తాను. ఆమె ఫోన్ పట్టుకుంటే టీచరమ్మ నన్ను చూస్తుంది. నేనెవరో ఆమెకిప్పుడు తెలియదు. తొమాస్ ఎవరో, ఇనేష్ ఎవరో తెలియదు. నేను పలకరింపులతో ఆమెను కష్టపెట్టను. తెలుగులోనే మొదలుపెడతాను. ముందు ఎలుకను పడేస్తాను, నవ్వుతుంది. తర్వాత వంతెన, ఇసుక, బారు తీరిన సైనికులు. ఆమె కళ్ళు నా చేతుల వెంటే తిరుగుతాయి. సేనాపతి నది దాటిన చోట చేతులు దించేసి, గొంతు పెంచి పిలుస్తాను.

"మరియా అమేలియా పెరేరా!"

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. బళ్ళో చిన్నపిల్లలా చెయ్యెత్తుతుంది.

"ప్రెజెంత్!"