చల్లబడేదాకా నిలబడ్డ ఏలీయా

ఏలీయా నా చెల్లెలు దయావతి భర్త. నెమ్మదైన మనిషి. పెళ్లిచూపుల నాడు మా నాన్న ఎన్ని ప్రశ్నలు వేసినా తల ఊపి ఊరుకున్నాడు. ఆ నెమ్మది నాకు మొదటినుంచీ చిరాకే. అడగవలసిన చోట కూడా నోరు విప్పి అడగడు.

పటాన్‌చెరు మందుల కంపెనీల్లో రసాయనాలు ఉడికించే పెద్ద పాత్రలు, రియాక్టర్లు, నడిపీ నడిపీ అతని చేతులకు ఎప్పుడూ ఓ ఘాటు వాసన ఉండేది. ఆదివారం చర్చిలో పక్కన కూర్చుంటే తెలిసేది. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. లోపల సరుకు వేడి మీద ఉండగా, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడేదాకా ఆపరేటర్ కదలకూడదు. కడుపునొప్పి వచ్చినా సరే. ఏలీయా దాన్ని బైబిలు వాక్యంలా పాటించేవాడు.

పాత కంపెనీ మూతపడ్డాక ఇస్నాపూర్‌లో ఒక రేకుల షెడ్డులో పని దొరికింది. యజమాని వీర్రాజు. డ్రమ్ముల మీద లేబుళ్లు గీకేసి ఉండేవి. అక్కడ తయారయ్యేది కల్లులో కలిపే మత్తుమందు.

"నీకు తెల్వదా బావా?" అని తర్వాత జైల్లో ములాఖత్‌కు వెళ్లినప్పుడు అడిగాను.

"అనుమానమైతే వచ్చింది. అడిగితే పని పోతదని నోరు మూసుకున్న" అన్నాడు.

కాబట్టి అతను ఏ పాపం ఎరగడని నేను అనను.

ఒక మధ్యాహ్నం అధికారులు దాడికి వస్తున్నారని కబురందింది. వీర్రాజు కారెక్కి ఉడాయించాడు. కూలీలు గోడ దూకుతూ ఏలీయానూ రమ్మన్నారు. అతను కదల్లేదు. ఆ వేడి మీద రియాక్టర్‌ను వదిలేస్తే పేలుతుంది. షెడ్డు గోడకు ఆనుకునే కిరాయి గదులున్నాయి. అతను ఆవిరి కట్టేసి, చల్లనీళ్ల వాల్వు తిప్పి అక్కడే నిలబడ్డాడు. అధికారులు చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా, "జెర ఆగుండ్రి సార్, ఇంక సల్లబడలే" అన్నాడట.

వీర్రాజు తర్వాత దొరికాడు. సంగారెడ్డి కోర్టులో ప్రతి వాయిదాకూ బక్కమ్మ అనే ముసలామె వచ్చి కూర్చునేది. ఆమెది ఆ కిరాయి గదుల్లోనే ఒక గది. మందు కలిపిన కల్లుకు మరిగి ఆమె కొడుకు మతి తప్పి చచ్చిపోయాడు.

"ఎవడైతేంది? అందర్ని ఒక్కతీరుగ లోపలెయ్యాలె" అనేది. కడుపుకోత పడ్డ తల్లిని నేనేమనగలను?

తీర్పు రోజు జడ్జిగారు ఏలీయా ఎందుకు పారిపోలేదో అందరికీ వినబడేలా చదివారు. "నువ్వు చేసింది నాకు తెలుసు. కానీ ఇంత సరుకు దొరికితే పదేళ్ల కంటే తగ్గించే అధికారం చట్టం నాకివ్వలేదు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన తలెత్తలేదు.

వీర్రాజుకు పదేళ్లు. ఏలీయాకూ పదేళ్లే. చట్టం ముందు అందరూ సమానమేనట! నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లను ముంచి మేడలు కట్టినవాడికీ, వాడి దగ్గర కూలికి తలొంచినవాడికీ ఒకటే తూకమా? తప్పుకు శిక్ష వేయొద్దని కాదు. మనిషిని కూడా చూడాలి కదా!

వరండాలో దయావతి అతని చొక్కా పట్టుకుంది. "అందరు ఉరికిన్రు గదా. నువ్వెందుకు ఉరకలేదయ్యా?" అని ఏడ్చింది.

బక్కమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. "ఆ దినం నా మనుమరాలు గోడ పక్కన్నే పండుకున్నది బిడ్డా. నువ్వు ఉరకకపోతివి. ఇగ నేనెవర్ని తిట్టుకోవాలె?" అంటూ అతని చేతులు పట్టుకుంది.

దయావతి బక్కమ్మ చేతుల్ని విదిలించి కొట్టింది. "నీ పిల్ల బతికింది. నా పిల్లకు నాయిన లేకుంట పాయె" అంది.

పోలీసులు ఏలీయాను వ్యాను ఎక్కించారు. ముసలామెను అంత మాట అన్నందుకు నా చెల్లెలు బస్సులో ఇస్నాపూర్ దాకా ఏడుస్తూనే ఉంది.