పెద్దమ్మ వెనక్కి తీసుకున్న మాట

పెద్దమ్మ పోయిందని మొన్న బుధవారం వాళ్ళమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఒమాన్ దేశం సలాలాలో నేను పనిచేసే ఇంటి వంటగదిలో చేపలు కడుగుతున్నాను. తడిచేతులతోనే రెండుసార్లు విన్నాను. ఆ ఇంట్లో నా భాష తెలిసినవాళ్ళు లేరు. మళ్ళీ చేపల ముందు కూర్చున్నాను.

ఆమెకీ నాకూ రక్తసంబంధం లేదు. రాజోలు వైపు మనిషి. ఇక్కడ ఒక ఇంట్లో చాలా ఏళ్ళు వంట చేసింది. శుక్రవారం సెలవు రోజున మా గోదావరి ఆడవాళ్ళం పదిమందిమి ఒక గదిలో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. నడిపించేది పెద్దమ్మే. బైబిలు తెరిచే ముందు కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకునేది. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా తలమీద చెయ్యి వేసి ప్రార్థించేది. ఆ చెయ్యి కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

కరోనా టీకాలు వచ్చినప్పుడు మా మేడం నన్నూ వేయించుకోమంది. పెద్దమ్మనడిగాను.

"దేవుణ్ణి నమ్ముకున్నోళ్ళకి సూదెందుకమ్మాయ్?" అంది.

అంతే, మా పదిమందిలో ఎవరమూ వేయించుకోలేదు.

నెల తిరక్కుండా ఆమెకే జబ్బు చేసింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉంది. మమ్మల్ని చూడనివ్వలేదు. బతికి వచ్చాక, మొదటి శుక్రవారం గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"సూదొద్దన్నది దేవుడు కాదు, నేను. చిన్నప్పట్నుంచీ నాకు సూదంటే భయం. ఆ భయానికి ఆయన పేరు పెట్టేశాను. మీరెళ్ళి వేయించుకోండి."

ఒకామె, "అయితే ఇన్నాళ్ళూ నువ్వు చెప్పిందంతా ఇంతేనా పెద్దమ్మా?" అంది.

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

జబ్బు తగ్గాక కొన్నాళ్ళు ఆగమని డాక్టరు చెప్పిన గడువు గడిచాక నన్ను వెంటబెట్టుకుని టీకాకి వెళ్ళింది. మా ముందు ఒక ఒమానీ ముసలమ్మ "బిస్మిల్లా" అంటూ చెయ్యి చాచింది.

"చూశావా, ఆవిడ దేవుణ్ణి ఇంటికాడ వదిలేసి రాలేదు," అంది పెద్దమ్మ నెమ్మదిగా. తన వంతు వచ్చినప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, నా వేళ్ళు నలిగిపోయేలా పట్టుకుంది.

ఆమె విశ్వాసంలో జారిపోయిందని ఆరుగురు వేరే గదిలో ప్రార్థన పెట్టుకున్నారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. చివరికి మేమిద్దరమే మిగిలాం. ఖాళీ చాప చూసి ఒకరోజు అడిగాను, "బాధగా లేదా పెద్దమ్మా?" అని.

"ఎందుకుండదే? ఉంది. వాళ్ళకి అబద్ధం చెప్పి కూచోబెట్టుకోమంటావా?"

చెప్పిన మాట తప్పని పదిమంది ముందు ఒప్పుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. నేను ఈ రోజు బతికి ఉండటానికి ఆ ఒప్పుకోలే కారణమేమో, తెలియదు. ఆమెకి అది ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఒంట్లో ఓపిక లేక ఊరికి వెళ్ళిపోయింది.

ఆమె పోయిందని, విడిపోయిన ఆరుగురికీ కబురు పంపాను. ఒక్కరు దండం బొమ్మ పెట్టారు.

నాకు సెలవు దొరకలేదు. సమాధి కార్యక్రమం వాళ్ళమ్మాయి వీడియో కాల్‌లో చూపించింది. అక్కడ వాన. పెట్టె దించుతుండగా సిగ్నల్ పోయి తెరమీద బొమ్మ ఆగిపోయింది. ఎవరిదో నల్లగొడుగు అంచు, దానికి వేలాడుతున్న ఒక నీటిచుక్క. పడని ఆ చుక్కను చూస్తూ వంటగదిలో చాలాసేపు నిలబడ్డాను.