పందెపు గుర్రానికి గడ్డిబండి కట్టిన నేను

పడుచు రోజుల్లో నాకు జీతం తక్కువ, కోపం ఎక్కువ. అరబ్బు దేశంలో ఖతీఫ్ ఊరి అవతలి తోటలో, పందెపు గుర్రాలను పెంచే కఫీల్ (అంటే వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నన్ను పనికి పెట్టించింది మా అక్క మొగుడు. అక్కడ గుర్రాల బాధ్యతంతా బావదే. మా నాయిన కోరుట్లలో టాంగా తోలేవాడు. పగలు నడిచిన గుర్రానికే సాయంత్రం దాణా అన్నది మా ఇంటి శాస్త్రం. (నాలుగో తరగతితో బడి మానేసినోడికి ఇంకో శాస్త్రం ఎక్కడిది?) ఇక్కడేమో ఒక తెల్ల ఆడగుర్రం ఫ్యాన్ కింద నిలబడి బార్లీ మెక్కుతుండె. పేరున్న మగగుర్రంతో దాటించడానికి కఫీల్ రెండుసార్లు బోలెడు ఫీజు కట్టినా దానికి చూలు నిలవలేదు.

"బావా, నన్నేమో ఒక్క గడియ కూసోనియ్యవు. దీన్ని మాత్రం రెండేండ్లసంది మేపుడేనా?"

"మెల్లగ మాట్లాడు బామ్మర్దీ! దానికి పిల్ల పుట్టి, ఆ పిల్ల పందెం గెలిస్తేనే తోటకు రాబడి. వచ్చేసారి గూడ చూలు నిలవకుంటే గుర్రాలన్నీ అమ్ముతడట. మనిద్దరికీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడు."

నాకు మరింత మండింది. ఎండలకు కఫీల్ చల్లని దేశం పోయిండు, బావ సెలవు మీద ఊరికి పోయిండు. నేను ఆ రాణిగారిని పట్టుకొచ్చి గడ్డిబండికి కట్టిన. నాలుగు రోజులు తన్నింది, ఐదో రోజు నడిచింది. రెండు నెలలు రోజూ పొద్దున తోటంతా తిప్పిన. బావ వచ్చిన మరునాడే కఫీల్, వెంట మిస్రీ (ఈజిప్టు) పశువుల డాక్టర్ గేట్లోకి వచ్చేసరికి, ఎదురుగా బండి, బండి మీద గడ్డి, గడ్డి మీద నేను! కఫీల్ అరబ్బీలో తిట్టిన తిట్లను బావ తెలుగులోకి మార్చేటప్పుడు సగం మింగిండు. (మిగిలిన సగమే నాకు జన్మకు సరిపోయింది.) డాక్టర్ మాత్రం గుర్రం పక్కటెముకలు తడిమి, "కొవ్వు కరిగింది. చూలు నిలవనియ్యనిది ఆ కొవ్వే అనుకుంటున్న. నడక ఆపకండి" అన్నడు. కొన్ని దేశాల్లో బండి లాగే పందేల కోసమే గుర్రాలను పెంచుతరని కూడా చెప్పిండు. (మా నాయిన వింటే టాంగా మీంచి దూకేటోడు.) కఫీల్ నా దిక్కు చూసి, "చూలు నిలిస్తే ఉంటవు. లేకుంటే విమానం ఎక్కుతవు" అన్నడు.

ఆసారి దాటిస్తే నిలిచింది. పదకొండు నెలలకు పిల్ల పుట్టింది. మా ఇద్దరి ఇకామా కార్డులు రెన్యువల్ చేయించి, మమ్మల్ని అక్కడే ఉండనిచ్చిన కఫీల్ చల్లగా ఉండాలె.

గుర్రాల వైద్యం నాకు పుట్టుకతోనే వచ్చని ఏండ్లకేండ్లు అందరికీ చెప్పుకున్న. ఈ వయసులో అబద్ధమెందుకు, బండి కట్టింది కుళ్లుతోనే. ఆ గుర్రం నా కుళ్లును మందులా తీసుకొని మా రెండిండ్లకు బువ్వ పెట్టింది. దానికి దండం పెట్టాల్సింది పోయి, రోజూ మాలీషు చేస్తూ, "నిన్ను బతికించింది నేనే" అని చెవిలో చెప్పేటోణ్ని. పాపం, ఒక్కనాడూ కాదనలేదు.