మా కౌలుదారుకి నేను పెట్టిన పరీక్ష

మొన్న మంగళవారం నేనొక పెద్దమనిషిని దొంగ అన్నాను. వినేసి నవ్వుకోండి, పర్లేదు. నాకింకా నవ్వు రావట్లేదు.

మా అమ్మ వైపు నుంచి వచ్చిన ఎకరన్నర పొలం ఉంది నాకు, భీమవరం అవతల ఓ పల్లెలో. సూర్రావుగారు కౌలుకి చేస్తారు. ఇరవై ఏళ్ళుగా అంతా నోటిమాటే. మనిషిని నేను చూడనే లేదు. ఏటా కౌలు పడుతుంది, నేను ‘అందిందండీ’ అని మెసేజ్ పెడతాను.

ఈసారి మా ఆడిటర్ అడిగాడు. కూకట్‌పల్లిలో ఆఫీసు. “దీని మీద మీకు టాక్స్ పడదు మేడం. కానీ రిటర్న్‌ల చూపియ్యాలె. జర కౌలు కాగితం, పట్టా పాస్‌బుక్ కాపీ పంపుండ్రి.”

సూర్రావుగారికి ఫోన్ చేసి, కాగితం రాసుకుందామన్నాను.

“నిజంగానా అమ్మాయిగారూ?”

నాకు యాభై మూడు. ఆయనకింకా అమ్మాయిగారినే.

ఆ కాగితముంటే ఆయనకి కౌలు కార్డు వస్తుందట. కార్డుంటే ధాన్యం తన పేరున అమ్ముకోవచ్చు. తుఫానుకి చేను పోతే పరిహారం తన ఖాతాలో పడుతుంది. ఇప్పటిదాకా అది నా ఖాతాలో పడేది. మునిగిన చేలో నిలబడేది మాత్రం ఆయన. రెండుసార్లు ఆ డబ్బు ఆయనకి పంపించాను. ఒకసారి మర్చిపోయాను. ఆయన అడగలేదు.

“మంగళవారం సాయంత్రం ఐదింటిదాకా మా ఊళ్ళో కార్డులు రాస్తారండి. ఈ సీజన్‌కి అదే ఆఖరు. మీ ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పెట్టండి, చాలు.”

పెట్టేసేదాన్నే. మా అమ్మాయి లాస్య వింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో డేటా సెక్యూరిటీ ఉద్యోగం దానిది.

“ఆధార్, సర్వే నంబరు, అన్నీ అలా వాట్సాప్‌లో పెట్టేస్తావా? ఓ రోజు పొద్దున లేచేసరికి పొలం ఇంకెవరి పేరునో ఉంటుంది,” అంది, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

ఆ పూటే నల్ల మార్కర్ తీసుకుని కాపీల ముందు కూర్చున్నాను. ఆధార్ నంబరు కొట్టేశాను. సర్వే నంబరు, పుట్టిన తేదీ కొట్టేశాను. ఆ ఊపులో మా నాన్న పేరు కూడా పోయింది. ఫొటోలు తీసి ఇద్దరికీ పంపాను.

ఆడిటర్ వెంటనే ఫోన్ చేశాడు. “ఏంది మేడం గిది. మీ ఫొటో తప్ప ఏం కనిపిస్తలేదు. అది సుత జర నల్లగనే ఉన్నది.”

మంగళవారం మూడున్నరకి కొత్త నంబరు నుంచి ఫోన్. బొంగురు గొంతు, వెనక జనం గోల.

“అమ్మాయిగారూ, సూర్రావునండి. నా ఫోను ఛార్జింగ్ అయిపోయింది, ఇది ఆఫీసువాళ్ళ ఫోను. నంబర్లు కనపడట్లేదంటున్నారండి. మీ ఫోన్ నంబరు కొట్టారు, మీకో ఓటీపీ వస్తది, అది చెప్తే...”

ఓటీపీ అనగానే నా నోట్సు పుస్తకం తీశాను. సైబర్ మోసాల మీద మా పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ పెడితే మొదటి వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నదాన్ని. అనుమానమొస్తే, అసలు మనిషికే జవాబు తెలిసే ప్రశ్నలు అడగమన్నారు. అడిగాను.

“మా పొలం గట్టు మీద ఏం చెట్లున్నాయి?”

“చెట్లేం లేవండి.”

తప్పు. మూడు కొబ్బరిచెట్లు. నా కళ్ళతో చూశాను.

“తూర్పున ఎవరి పొలం?”

“పొలం కాదండి, చేపల చెరువు.”

తప్పు. మా మావయ్యగారి వరిచేను.

“నీళ్ళెక్కణ్ణించి వస్తాయి?”

“ఇంజను పెట్టి మురుగు డ్రెయిన్‌లోంచి తోడుకుంటానండి.”

తప్పు. పంటకాలవ ఉంది. మూడుకి మూడూ తప్పు.

“పెద్దాయన పేరు చెప్పి మోసం చేయడానికి సిగ్గులేదా? దొంగవెధవా, పోలీసులకి పట్టిస్తాను,” అన్నాను. అంత మాట నాకు వచ్చని నాకే తెలీదు. “నేనేనండీ అమ్మాయిగారూ” అంటుండగా పెట్టేశాను. బ్లాక్ చేశాను. రిపోర్ట్ కూడా చేశాను.

లాస్య ఇంటికి రాగానే గర్వంగా చెప్పాను. “గుడ్ అమ్మా,” అంది. ఓ నిమిషం ఆలోచించి, సర్వే నంబరు అడిగి, ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. పైనుంచి తీసిన ఫొటో. పచ్చటి చిన్న ముక్క. తూర్పున పెద్ద చెరువు. గట్టు మీద ఒక్క చెట్టు లేదు. కాలవ ఉండాల్సిన చోట ఇళ్ళు.

“నువ్వు ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళావు?”

“నువ్వు ఒకటో క్లాసులో ఉన్నప్పుడు.”

లాస్య వేళ్ళ మీద లెక్కేసింది. ఇరవై ఏళ్ళు.

“సర్వే నంబరు కొడితే ఇదంతా ఎవరికైనా కనపడుతుందా?” అన్నాను.

“ఆ.”

“మరి నేను మార్కర్ దేనికి పూసినట్టు?”

లాస్య కాఫీ పెడతానని లేచింది.

అప్పటికి ఆరున్నర. సూర్రావుగారి సొంత నంబరుకి చేశాను. ఎత్తారు. క్షమించమన్నాను.

“అయ్యో, పర్లేదండి. స్పీకర్ పెట్టి ఉండటంతో ఆఫీసులో అందరూ విన్నారు, అంతే.”

“కార్డు?”

“ఐదింటికే బల్లలెత్తేశారండి. వచ్చే సీజన్‌కి చూద్దాం. మీరు జాగ్రత్తగా ఉంటం మంచిదేనండి.”

తిట్టి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్రపట్టేది.

మర్నాడు ఆడిటర్ మళ్ళీ చేశాడు, ఫైల్లో రాసుకోవాలట. “భూమికి నీళ్ళున్నయా, వానమీదనేనా? నాలుగు దిక్కుల హద్దులేంది?” రెండు నిమిషాలు ఆగమని, సూర్రావుగారికి ఫోన్ చేశాను. ఇంకెవరున్నారు నాకు. ఆయన ఓపిగ్గా చెప్పారు, నేను రాసుకున్నాను.

“ఇన్ని అడుగుతున్నారు, మాట్లాడేది మీరేనాండి?” అన్నారు చివర్లో. నవ్వుతున్నారో లేదో తెలియలేదు.

మార్కర్ పూయని కాపీలు, సంతకం పెట్టిన కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. వచ్చే సీజన్‌కి పనికొస్తాయి. ఈ సీజన్‌కి మాత్రం రికార్డుల్లో రైతుని నేనే. తూర్పున ఏముందో ఫోన్ చేసి కనుక్కునే రైతుని.