పద్నాలుగు ఇళ్ల నీళ్లు

లింగం సైకిల్ ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో పెద్దరోగం ఉన్నట్టే అని పిట్లం దారిలో ఊళ్లన్నీ అనుకునేవి. ఆయన ఉద్యోగం అలాంటిది. కుష్టు మచ్చలున్నవాళ్లను వెతకాలి, దూది కొనతో తాకి స్పర్శ ఉందో లేదో చూడాలి, నెలకోసారి గోళీల పొట్లం ఇచ్చి రావాలి. జనం ఆయన్ని మచ్చల సారు అనేవారు. బాప్తిస్మంలో పాస్టరుగారు ఏలియా అని పేరు పెట్టినా, మా బాన్సువాడ చర్చిలో తాత పేరైన లింగమే నిలిచింది.

డెబ్బై ఏడులో ఒక తండాలో సోమ్లి అనే ఆమె మోచేతి వెనక మచ్చ కనబడింది. రూపాయి బిళ్లంత. ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు హేమ్లాకు తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని ఆయన కాళ్లు పట్టుకోబోయింది. అత్త ధర్మికి తెలిస్తే పొలం గట్టున గుడిసె వేసి అందులోకి వెళ్లగొడుతుంది, పిల్లల్ని తాకనివ్వదు. మూడేళ్లు విడవకుండా గోళీలు మింగితే నయమవుతుంది. అంటే ఆ మూడేళ్లూ సైకిల్ ఆ ఇంటి ముందు ఆగాలి. ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికీ తెలియకూడదు.

వారం రోజులు ప్రార్థన చేస్తే ఆయనకు దొరికిన ఉపాయం చాలా చిన్నది. తండాలో పద్నాలుగు ఇళ్లు. పద్నాలుగింటి ముందూ సైకిల్ ఆపి, దూప అవుతుందని నీళ్లడిగేవాడు. ప్రతి ఇంట్లో చెంబెడు నీళ్లు తాగి, పిల్లల చేతులూ వీపులూ ఓసారి చూసి, చెంబు తిరిగిచ్చి కదిలేవాడు. సోమ్లి ఇంట్లో మాత్రం ఖాళీ చెంబులో పొట్లం వేసి ఇచ్చేవాడు. చలికాలంలోనూ అంతే. మొదటి ఇంటి జమ్లి అవ్వ ఊరుకునేది కాదు.

"సారూ, నీ కడుపుల నిజాంసాగరున్నదా ఏంది?"

"ఉన్నదవ్వా. కాలువలే తవ్వలే."

తండా అంతా నవ్వేది. ఇంటికి వచ్చాక కడుపు ఉబ్బి అన్నం సహించేది కాదని, తాను ఎన్నోసార్లు కోప్పడ్డానని ఆయన భార్య ముత్తవ్వ నాతో చెప్పింది. ఈ సంగతులన్నీ ఆమె నోట విన్నవే. నలుగురికీ తెలియకుండా చేసిందే మేలు అని ఆయన అనేవాడట. రెండేళ్లు తిరిగేసరికి సోమ్లి మచ్చ పల్చబడింది. అంచు దగ్గర దూది తగిలితే తెలుస్తోందని చెప్పి ఆమె నవ్వింది.

డెబ్బై తొమ్మిదిలో పొట్లం ఇవ్వాల్సిన రోజే గుడ్ ఫ్రైడే పడింది. సెలవు దినం. అయినా ఒక్క రోజు గోళీ తప్పినా ఆయన మనసొప్పదు. ఆ ఏడు ఆయనకు ఇంకో సంతోషం కూడా ఉంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో 'దప్పిగొనుచున్నాను' అన్న దప్పిక మాట మీద ప్రసంగం చెప్పమని పాస్టరుగారు అడిగారు. చదువు పదితో ఆగిపోయిన మనిషిని మాట చెప్పమని పిలవడం అదే మొదలు. నాలుగు పేజీలు రాసుకుని, సైకిల్ తొక్కుతూ వల్లె వేసేవాడు. పన్నెండింటికల్లా చర్చిలో ఉండాలని పొద్దున్నే తండాకు బయలుదేరాడు. మూడు గంటల దాకా మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం.

జమ్లి అవ్వ ఎప్పటిలాగే చెంబుతో ఎదురొచ్చింది. ఉపవాసమని చెప్పి దాటిపోయాడు. రెండో ఇల్లు దాటాడు, మూడోదీ దాటాడు. నీళ్లు తాగనివాడు ఇంటింటి ముందు ఆగి ఏమడుగుతాడు అనుకున్నాడట. పిల్లల చేతులు చూడొచ్చని, ఊరికే పలకరించినా చాలునని ఆ పూట తోచలేదు. మనసంతా ఆ నాలుగు పేజీల్లో ఉంది. సైకిల్ సోమ్లి ఇంటి ముందే ఆగింది.

బయటికి వచ్చిన సోమ్లి ఆయన్ని చూసి, ఆయన వెనక నిలబడి చూస్తున్న వాళ్లను చూసింది.

"చెంబు తేనా సారూ?"

"వద్దమ్మా, ఇయ్యాల ఉపాసమున్న" అని పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం ఆయన చెప్పినట్టు దప్పిక మాట మా చర్చిలో ఇంకెవరూ చెప్పలేదు. నేనూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

మరుసటి నెల వెళ్లేసరికి సోమ్లి పొలం గట్టున గుడిసెలో ఉంది. ఆయన అందరూ చూస్తుండగా ఆమె పక్కన కూర్చుని, ఆమె చేతి జొన్నరొట్టె అడిగి తిన్నాడు. ధర్మి ఇంటికి వెళ్లి మందు మింగుతుంటే ఇది అంటుకోదని, ఇంకో ఏడాదిలో పోతుందని, తప్పంతా తనదేనని చేతులు జోడించాడు. ధర్మి తలుపు వేసుకుంది. హేమ్లా తల ఎత్తలేదు. చిన్నపిల్ల గట్టు అవతలే నిలబడి తల్లిని చూస్తూ ఉండిపోయింది.

సోమ్లి తిట్టలేదు. పొట్లం కొంగున ముడి వేసుకుంది.

"గా దినం జర నోరు తడుపుకుంటే మీ దేవుడు కోప్పడేటోడా సారూ?"

ఆ ప్రశ్న ఆయన రాసుకున్న నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

వానలు మొదలయ్యాక ఆమె డోంగ్లి వైపు తల్లిగారింటికి పోయిందని తెలిసి, పొట్లం పట్టుకుని అక్కడికీ వెళ్లాడు. వాళ్లూ ఉంచుకోలేదట. మరాఠీ ఊళ్ల వైపు నడిచి వెళ్లడం చూశామని ఎవరో అన్నారు. సెలవు దొరికినప్పుడల్లా ఆ ఊళ్లు తిరిగాడు. గోళీలు మధ్యలో ఆగిపోతే ఆ చేయి ఏమవుతుందో ఆయనకు తెలుసు కాబట్టి ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయేవాడు.

మళ్లీ ఎన్నడూ మాట చెప్పడానికి ఒప్పుకోలేదు. ప్రతి గుడ్ ఫ్రైడే తండాకు పోయి, పద్నాలుగు ఇళ్ల ముందూ ఆగి నీళ్లడిగి, ఆరాధన సగం అయ్యాక వచ్చి చెప్పుల దగ్గర కూర్చునేవాడు. చర్చి సంఘంలో పెద్ద అయి ఉండి మూడు గంటల దాకా నీళ్లు ముట్టకుండా ఆగలేడా అని మావాళ్లు గొణిగేవారు. నేనూ అన్నాను ఒకసారి. దేవుడు నన్ను క్షమించాలి.

ఆ తర్వాతి రెండు గుడ్ ఫ్రైడేలూ ధర్మి తలుపు తీయలేదు. ఎనభై రెండులో తీసి, చెంబు ఇచ్చింది. ఆయన తాగాడు. చిన్నపిల్లను పిలిచి మోచేతి వెనక దూదితో తాకితే, తెలుస్తోందని ఆ పిల్ల చెప్పింది. చెంబు తిరిగిచ్చాడు.

ఆ చెంబులోనే కోడలికి మందు వచ్చేదని అప్పటికి హేమ్లా ధర్మికి చెప్పి ఉంటాడు. ధర్మి చెంబును వెలుతురుకు వంచి లోపలికి చూసింది.

"ఇగ దాని జాడ ఏమన్న తెలిసిందా సారూ?"

తెలియలేదన్నాడు. ముసలామె ఆ ఖాళీ చెంబును ఒళ్లో పెట్టుకుని గడపలోనే కూలబడింది. లింగం పక్కింటికి నడిచి, నీళ్లడిగాడు.