లెవెల్ నాబ్ మీద కుంకుమ

మత్తయి గురించి రాయాలంటే నాకు చెయ్యి ఆడదు. అయినా రాస్తాను. ఆ సంగతి తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.

బందరులో మా కాలేజీ ఫిజిక్సు ల్యాబుకి అతను అటెండరు, నేను డిమాన్‌స్ట్రేటర్ని. పక్కనున్న గూడూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పదకొండేళ్లుగా టెంపరరీయే. ఏటా వేసవిలో తీసేసి, జూన్‌లో మళ్లీ పెట్టుకునేవాళ్లు.

అరవై రెండులో ఆసిలోస్కోపు వచ్చింది. దాని తెర మీద వెలుగు చుక్క ఎడమ నుంచి కుడికి పరుగెడుతూ కరెంటు అలని గీయాలి. మాకేమో అల నిలిచేది కాదు, గీతలన్నీ కలగాపులగమై జారిపోయేవి. పుస్తకం ముందేసుకుని వారం రోజులు కుస్తీ పట్టాను. చివరికి నిలబెట్టింది ఎనిమిదో క్లాసు చదివిన మత్తయి.

"మా చర్చిలో పాట లాంటిదేనండీ," అన్నాడు. "ఎవరికి తోచినచోట వాళ్లు ఎత్తుకుంటే గోలైపోద్ది. ముందు పాడే జ్ఞానమ్మగారు పల్లవికి రాగానే అందరం ఒక్కసారి అందుకుంటాం. అల ఇంత ఎత్తుకి లేచినప్పుడే బయల్దేరమని ఈ లెవెల్ నాబ్ చుక్కకి చెబుద్దండి. ప్రతిసారీ ఒకేచోట మొదలైతే గీత మీద గీత పడి నిలబడుద్ది."

"ఆ ఎత్తు మరీ పైన పెడితే?"

"అల అక్కడిదాకా రాదు కదండీ. చుక్క బయల్దేరదు. తెర చీకటే."

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున్నే అతను నాబ్ సరిచేసి, అది ఉండాల్సిన చోట సుద్దగీత పెట్టేవాడు. క్లాసులో నేను స్విచ్చి వేసేవాణ్ణి. పేరు నాకొచ్చింది.

రెండేళ్లకి మెకానిక్ పోస్టు పడింది. పర్మనెంటు. ప్రిన్సిపాలు గోవర్ధనరావుగారు అతన్ని పిలిచి, "తనిఖీకొచ్చే ఆఫీసరు ముందు నీ చేత్తో చూపించు. ఆయన సరేనంటే ఉద్యోగం నీదే," అన్నారు.

ఆ తనిఖీ దసరా సెలవుల ముందురోజు వచ్చింది. ఏటా ఆ రోజే ల్యాబులో ఆయుధపూజ చేసేవాళ్లం. మత్తయి పొద్దున్నే నాబ్ సరిచేసి, అలవాటు ప్రకారం పూజ అయ్యేదాకా వరండాలో నిలబడ్డాడు. నేను తడిగుడ్డతో పరికరాలన్నీ తుడిచి, ఆసిలోస్కోపు లెవెల్ నాబ్ మీద బొటనవేలితో కుంకుమబొట్టు అదిమాను. అంతలో ఆఫీసరు వచ్చేశారు.

మత్తయి స్విచ్చి వేశాడు. తెర చీకటి. సుద్దగీత కోసం వెతికాడు, లేదు. నాబ్ వైపు చెయ్యి చాపగానే ఆఫీసరు, "ఆగవయ్యా, ఉన్నది కాస్తా తగలేస్తావు. మాస్టారూ, మీరు చూడండి," అన్నారు.

నాబ్ ఎందుకు తిరిగిందో నాకప్పుడే అర్థమైంది. కానీ సైన్సు చెప్పేవాణ్ణి, బొట్టు పెడుతూ తిప్పేశానని ఆఫీసరుతో ఎలా చెప్పను? దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నాబ్‌ని కాస్త కిందికి తిప్పాను. అల బుద్ధిగా నిలబడింది. "శభాష్," అన్నారాయన. అటెండరుకి పరికరం తెలియదని రాసి వెళ్లిపోయారు. నా బొటనవేలు ఇంకా ఎర్రగానే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పలేదు.

కొత్త మెకానిక్ వచ్చాక అటెండరు అక్కర్లేదన్నారు. ఏప్రిల్‌లో మత్తయి తాళాలు నా బల్ల మీద పెట్టాడు. ఆర్నెల్లలో నన్ను ఒక్క మాటా అడగలేదు. ఏమీ తెలియదనే అనుకున్నాను.

"మేష్టారూ," అన్నాడు గుమ్మం దగ్గర ఆగి. "వచ్చే దసరాకి బొట్టు ఆసిలోస్కోపు పెట్టె మీద పెట్టండి. నాబ్ మీద వద్దు."